మన యింటి లెక్కలు: కారు వెనుక చిన్న యిల్లు

ప్రయాణమనగా ఇల్లు విడిచిపోవుట యని పురుషులు తలంతురు. ఇంటిని మూటగట్టి వెంట దీసికొనిపోవుట యని స్త్రీ లెఱుగుదురు. అన్నము వండు గిన్నె మొదలు పసివాని పక్కగుడ్డ వఱకు ఏది మఱచినను ఆ లోపము దారిలో మనకే తగులును. కావున ఇంటినే కారు వెనుక గట్టుకొనిపోవు పద్ధతిని గూర్చి గృహిణులు విచారించుట యెంతయు యుక్తము.

అమెరికా దేశమున గాపురముండు తెలుగు సోదరీమణులు కొందఱు ఈ విషయమై మాకు వ్రాసియున్నారు. వారి ప్రశ్నలన్నియు నించుమించుగా నొకటియే. "మా యింట నైదుగురము. మాకున్నది సంసారపు కారే గాని పెద్ద బండి కాదు. దానికి దగిన చిన్న ట్రెయిలరు ఏది?" మేమును ఆ దేశముననే, టెక్సస్ రాష్ట్రమున, బడిపంతులుగారి జీతముతో గాపురము చేయువారము. బడికి వేసవి సెలవులు దీర్ఘములు, చేతిలో ధనము స్వల్పము. ఈ విచారమంతయు మా యింటను జరిగినదే కనుక తెలిసినంత విన్నవించుచున్నాము.

స్వదేశమునందలి చదువరుల కొక మాట. ట్రెయిలరనగా తనకు యంత్రము లేక, కారు వెనుక కొక్కెమునకు దగిలించి లాగబడు చక్రముల యిల్లు. పక్కలు, పొయ్యి, నీళ్లతొట్టి, దీపములు అందే యుండును. మన పెద్దలు గూడుబండి గట్టించుకొని, అందు బియ్యపుమూటయు ఊరగాయజాడియు వేసికొని తీర్థములకు బోయినట్లే యిదియు ననుకొనవచ్చును. ఇంగ్లండులో 1885లో గార్డన్ స్టేబుల్స్ అను వైద్యుడు బ్రిస్టలు నగరపు బండిశాలలో "వాండరర్" అను పేర నిట్టి విహారపు టింటిని చేయించి, రెండు గుఱ్ఱములను గట్టి స్కాట్లండు దాక బోయెను. అమెరికాలో 1936లో ఎయిర్‌స్ట్రీము వారి "క్లిప్పర్" అను అల్యూమినియపు ట్రెయిలరు వెలువడెను. గుఱ్ఱము పోయి యంత్రము వచ్చినను న్యాయము మాఱలేదు. ముందున్నది ఎంత లాగగలదో అంతయే వెనుక గట్టవలెను. ఇందు బరువులన్నియు అచ్చటి వాడుక ననుసరించి పౌండ్లలో జెప్పుచున్నాము. పౌండనగా అరకిలోకు కొంచెము తక్కువ.

లాగుబలము

ప్రతి కారును ఎంత బరువు వఱకు లాగవచ్చునో దానిని చేసినవారు నిర్ణయించి, కారుతో వచ్చు పుస్తకమున వ్రాసియుందురు. అమెరికాలో అమ్ముడగు పెట్రోలు హోండా సి.ఆర్.వి.కి అది 1,500 పౌండ్లు. టొయోటా సియెన్నాకు 3,500. టొయోటా హైలాండరులో కొన్ని తరగతులకు 5,000. ఒకే పేరుగల కారునకు సైతము ఏటికేడు, తరగతికి తరగతికి ఈ యంకె మాఱుచుండును. కావున పొరుగింటివారి మాట ప్రమాణముగా గొనక ఎవరి పుస్తకమును వారు చూచుకొనవలెను.

ఈ యంకెను జూచి సంతసించుటకు ముందు దాని వెనుక నున్న నిబంధనను దెలిసికొనవలెను. అక్కడి మోటారు ఇంజనీర్ల సంఘమువారు ఏర్పఱచిన పరీక్షలో కారునందు ఇద్దఱు మాత్రమే, ఒక్కొక్కరు 150 పౌండ్ల చొప్పున, కూర్చున్నట్లు లెక్కింతురు. మన సంసారములలో ఇద్దఱే ప్రయాణమగుట యెన్నడు? మూడవవా రెక్కినది మొదలు లాగుబలము తఱుగుచు వచ్చును. హోండా వారు తమ కొన్ని బండ్ల పుస్తకములలో ఎందఱెక్కిన నెంత లాగవచ్చునో పట్టికగానే వేసినారు.

మోయుబలము

లాగుట వేఱు, మోయుట వేఱు. ఈ భేదమును విక్రేతలు సామాన్యముగా జెప్పరు. చిన్న కారుగల సంసారములకు లాగుబలముకంటె ముందుగా మోయుబలమే తీరిపోవును. డ్రైవరు ప్రక్క తలుపు తెఱచినచో ద్వారబంధమున నొక చీటీ అంటించియుండును. మనుష్యులును సామానును గలిసి ఇన్ని పౌండ్లకు మించరాదని అందుండును. సోదరీమణులు మొదట జదువవలసినది ఆ చీటీనే.

ఒక కారు చీటీపై 1,200 పౌండ్లని యున్నదనుకొందము. యజమాని 170, ఇల్లాలు 140, అత్తగారు 130, పిల్లలిద్దఱు 80, 60. వెరసి 580. కారులో బెట్టు పెట్టెలకును పిల్లల యాసనములకును 150. వెనుక బిగించు ఇనుపకొక్కెమునకు 50. అన్నియు గలిసి 780. ఇక మిగిలినది 420 పౌండ్లు. ట్రెయిలరు ముక్కు కారుపై వాలి మోపు బరువంతయు నీ 420లోనే యిముడవలెను.

ముక్కు బరువనగా నేమో గూడుబండి నెఱిగినవారికి సులభముగా దెలియును. సామాను ఇరుసునకు వెనుక నెక్కువైనచో కాడి పైకిలేచి ఎద్దుల గొంతులు పట్టును. ముందెక్కువైనచో ఆ బరువు వాని మెడలపై గూర్చుండును. ట్రెయిలరునకును ఇదియే ధర్మము. నిండిన బండి మొత్తపు బరువులో నూటికి 10 మొదలు 15 వంతులు ముక్కుపై నుండవలెను. అంతకు దగ్గినచో వెనుకబండి తోకవలె అటునిటు ఊగి, కారును గూడ త్రోవ తప్పించును. మించినచో కారు వెనుకభాగము క్రుంగి, ముందు చక్రములు తేలికబడి, తిప్పినట్లు తిరుగవు. ఇదిగాక ముక్కు బరువునకు కారు పుస్తకమున వేఱొక హద్దును గలదు. 3,500 పౌండ్లు లాగు కార్లకు తఱచుగా నది 350 మాత్రమే.

సామానుల తూకము

విక్రేతలు "డ్రై వెయిట్" అని చూపునది బండి కర్మాగారము దాటునాటి వట్టి బరువు. అందు నీళ్లు లేవు, గ్యాసు లేదు, తఱచు బ్యాటరీయు లేదు. ఆ బరువుతో ఏ సంసారమును ప్రయాణము చేయదు. బండికి అంటించిన చీటీపై "జి.వి.డబ్ల్యు.ఆర్." అని మఱియొక అంకె యుండును. అది ఆ బండి సామానుతో సహా ఎంత వఱకు నుండవచ్చునో దెలుపు హద్దు. ఈ రెంటి నడుమ నున్న భేదమే మన సామానునకు జోటు. కొన్ని యందమైన బండ్లలో ఆ భేదము 500 పౌండ్లు గూడ నుండదు. అద్దములను, అలమరలను జూచి మురిసిపోక ముందీ తీసివేత చేయవలెను.

సామాను బరువు ఎవరు చెప్పగలరు? బండి చేసినవాడు చెప్పలేడు, అమ్మువాడు చెప్పలేడు, యజమానియు చెప్పలేడు. ఇల్లాలే చెప్పవలెను. మేము స్నానపుగదిలోని తూకపుయంత్రమును వంటయింటికి దెచ్చి, వెంట బోవలసిన ప్రతి వస్తువును దానిపై నుంచి చీటీ వ్రాసితిమి. నీరు గాలనుకు 8.3 పౌండ్లుండును. 20 గాలనుల తొట్టి నిండినచో 167. గ్యాసుబుడ్డి నిండుగా 38. బ్యాటరీ 55. బియ్యము, పప్పు, కుక్కరు మొదలగు వంట సామగ్రి 120. పఱుపులు, దుప్పట్లు 60. ఐదుగురి బట్టలు 80. కుర్చీలు, నీళ్లగొట్టము, చక్రముల క్రింద బెట్టు దిమ్మలు మున్నగునవి 90. వెరసి 610 పౌండ్లు. ఇందు రుబ్బుడుయంత్రము లేదని మనవి. బల్లపై బెట్టు చిన్నదైనను ఇరువది పౌండ్లకు మీఱును. ఉప్మానూక, కందిపొడి, పులిహోర పులుసు, అటుకులు వెంటనున్నచో పదిదినములు ఇడ్డెనలు లేకున్నను ప్రాణము నిలుచును.

ఇపుడు లెక్క చూడుడు. వట్టి బరువు 2,900 పౌండ్లున్న బండికి మన 610 చేర్చినచో 3,510. లాగుబలము 3,500 అప్పుడే దాటినది. నూటికి 13 వంతుల చొప్పున ముక్కు బరువు 456. కారులో మిగిలిన 420ను దాటినది, 350 హద్దును మఱియు దాటినది. వట్టి బరువు 2,000 గల బండియైనచో మొత్తము 2,610. ముక్కు బరువు 339. అన్ని హద్దుల లోపల నున్నది. 3,500 పౌండ్లు లాగు కారునకు దగిన సంసారపు ట్రెయిలరు వట్టి బరువు సుమారు 2,000 పౌండ్లేగాని 2,900 కాదని దీనివలన దేలుచున్నది. 1,500 పౌండ్లు లాగు కారైనచో ఐదుగురి ట్రెయిలరు మాట మఱచి, సామాను మోయు చిన్నబండియు నొక మంచి గుడారమును గొనుట మేలు.

మేము మొదట జూచిన బండి ఈ 2,900 పౌండ్లదే. లోపల స్నానపుగది, పిల్లలకు ఒకదానిపై నొకటిగా మంచములు, గాజుతలుపుల అలమరలు నుండెను. పిల్లలు అప్పుడే తమతమ మంచములను బంచుకొనిరి. మేము లెక్క చీటీ చూపగా ఆ విక్రేత నవ్వి, "కారు దీనిని తేలికగా లాగును. అంతగా సందేహమైనచో పెద్దమ్మగారు విమానమున రావచ్చును గదా" యనెను. ఆ మాటలు అత్తగారికి అర్థము కాలేదు గాని మావారి ముఖము చూచి యామె యేమని యడిగిరి. మేము చెప్పితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, "నే నింటనే యుందును లెండి, మీరు పోయి రండు" అనిరి. మావారు చీటీ మడిచి జేబులో బెట్టుకొని, "ఈ యిల్లు మనకు జాలదమ్మా. ఇందు నీకు జోటు లేదు" అని బయటికి నడచిరి. ఇంటిని బెంచుటకై మనుష్యులను దగ్గించుట గృహధర్మము గాదు. మనుష్యులందఱును ఎక్కిన పిమ్మట మిగిలినంతలో ఇంటిని వెదకికొనవలెను.

బండ్లలో రకములు

చిన్న ట్రెయిలర్లు ముఖ్యముగా నైదు విధములు.

మొదటిది "టియర్‌డ్రాప్" అను నీటిబొట్టు ఆకారపుది. లోపల పడక మాత్రము, వెనుక మూత యెత్తినచో వంటబల్ల యుండును. సామాన్యముగా 1,000 మొదలు 1,800 పౌండ్ల వఱకు నుండును. దంపతులకు దగును గాని పిల్లలున్నవారికి జాలదు. నిలుచుటకు వీలులేదు.

రెండవది పైకప్పు ఎత్తి, ఇరుప్రక్కల పడకలను బయటికి లాగు మడత బండి. గోడలు గుడ్డవి. 1,500 మొదలు 2,500 పౌండ్లలో ఐదాఱుగురు పరుండవచ్చును. మడిచినపుడు పొట్టిగా నుండుటచే గాలి కడ్డు తక్కువ. ఐతే ప్రతి మజిలీలో విప్పి మడువవలెను. వానలో మడిచిన గుడ్డను ఇల్లు చేరగనే యారవేయకున్న బూజు పట్టును. ఎలుగుబంట్లు తిరుగు కొన్ని చోట్ల గుడ్డగోడల బండ్లను రానీయరు. ఎల్లోస్టోన్ వనములోని ఫిషింగ్ బ్రిడ్జి విడిదిలో గట్టిగోడల బండ్లకే ప్రవేశము.

మూడవది పర్ణశాల కప్పువలె త్రికోణముగా లేచు గట్టిగోడల మడత బండి. కొద్ది నిమిషములలో నిలువబడును గాని ఇద్దఱు ముగ్గురికే చోటు.

నాలుగవది ఫైబరుగ్లాసుతో రెండు డిప్పలుగా బోసి కలిపిన గ్రుడ్డువంటి బండి. కెనడాలో విన్నిపెగ్ నగరమున 1968లో వెలువడిన 13 అడుగుల "బోలర్" ఈ జాతిలో ప్రసిద్ధము. అమెరికాలో మినెసోటా రాష్ట్రపు బాకస్ గ్రామమున చేయబడు "స్కాంప్" ఇట్టిదే. అతుకులు తక్కువ గనుక వాననీరు దిగుట తక్కువ. పాతబడినను వెల నిలుచును. వెదకువారెక్కువ గాన చౌకగా దొరకుట మాత్రము కష్టము.

ఐదవది అంగళ్లలో నెక్కువగా గనబడు పెట్టెవంటి బండి. 16 మొదలు 20 అడుగులు. లోపల సుఖమెక్కువ, బరువు నెక్కువయే. 2,800 పౌండ్లకు దిగువ నిట్టిది దొరకుట యరుదు. 5,000 పౌండ్లు లాగు కారుగలవారు దీనిని విచారింపవచ్చును.

మేము రెండవ రకమున పాతబండి నొకదానిని గొంటిమి. అత్తగారికి రాత్రివేళ బయటికి బోవు శ్రమ లేకుండ లోపల చిన్న మరుగుపెట్టె నమర్చితిమి. మెట్టు ఎత్తుగా నుండుటచే వెడల్పైన పీట నొకదానిని జేర్చితిమి. ఈ రెండును లెక్క చీటీలో నెక్కించియే తీసికొంటిమి.

కొండ, గాలి, బ్రేకులు

లారీలు నిలుచు పెద్ద పెట్రోలు బంకులలో బండ్ల తూకములు గలవు. సామానంతయు నింపి, అందఱును కారులో గూర్చుండి, ఒకసారి తూచుకొనవలెను. కారు ముందు చక్రముల బరువు, వెనుక చక్రముల బరువు, ట్రెయిలరు చక్రముల బరువు వేఱువేఱుగా చీటీపై వచ్చును. మా బండి తూచినపుడు మా లెక్కకును తూకమునకును 40 పౌండ్లు మాత్రమే భేదము వచ్చినది.

ట్రెయిలరునకు బ్రేకు లుండవలెనను చట్టము రాష్ట్రమున కొక విధముగా నున్నది. కాలిఫోర్నియాలో ఇట్టి యిండ్లబండ్లు 1,500 పౌండ్లకు జేరగనే బ్రేకు లుండవలెను. టెక్సస్‌లో 4,500 దాటిన గాని నిర్బంధము లేదు. కొండదిగువ దారికి ఈ భేదము తెలియదు. పెక్కు కార్ల పుస్తకములలో 1,000 పౌండ్లు దాటగనే బ్రేకులు వలయునని యున్నది. అదియే పాటింపదగినది. వెనుకబండి ఊగనారంభించినచో కారు బ్రేకును గట్టిగా త్రొక్కరాదు. చక్రమును నిలుకడగా బట్టి, పెట్రోలు తగ్గించి, ట్రెయిలరు బ్రేకును మాత్రము చేతితో మెల్లగా వేయవలెను. ఆ మీట యెక్కడ నున్నదో ప్రక్కన గూర్చుండు ఇల్లాలును ఎఱిగియుండవలెను.

గాలి యడ్డు వేగముతో సమముగా గాక, అంతకంటె త్వరగా బెరుగును. గంటకు 55 మైళ్లకు బదులు 65 మైళ్లు పోయినచో అది సుమారు నూటికి 40 వంతు లధికమగును. ట్రెయిలరు టైర్లలో పెక్కు 65 మైళ్ల వేగమునకే చేయబడినవి. ఎత్తు ప్రదేశములలో గాలి పలుచనగుటచే యంత్రబలమును దగ్గును. ప్రతి 1,000 అడుగులకు నూటికి 2 వంతుల చొప్పున లాగుబలము తగ్గించి లెక్కింపుడని కొందఱు తయారీదారులు చెప్పుదురు. ఎల్లోస్టోన్ సరస్సు 7,700 అడుగులకు పైబడిన ఎత్తున నున్నది. అక్కడ 3,500 అనునది సుమారు 2,960 అగును. మైదానపు లెక్కతో గొన్న బండి కొండపై భారమగుట యిందువలననే.

పిల్లలు నిద్రించుచున్నారని ట్రెయిలరులోనే పరుండనిచ్చి లాగరాదు. పెక్కు రాష్ట్రములలో నిది నిషిద్ధము. నిషేధము లేనిచోట సైతము అపాయమే.

కొనుటకు ముందు పరీక్ష

బండి చూడబోవునపుడు అందఱును గలిసి పోవలెను. ఇంట నెందఱుందురో అందఱును ఒకేసారి పరుండి చూడవలెను. పెద్దవారు మంచముపైనుండి ఎవరిని ద్రొక్కక లేవగలరా? పగలు భోజనపుబల్లయై రాత్రి పక్కయగు దానిని ప్రతిదినము మార్చు నోపిక యెవరికి గలదు? మార్చవలసినవారే జవాబు చెప్పవలెను. పోపు లోపల వేసినచో మిరపకాయల ఘాటు పఱుపుల దాక నెక్కును. కావున పొయ్యి బయటబెట్టుకొను వీలుండవలెను. గ్యాసు వాడు చోట విషవాయువును దెలుపు గంట పనిచేయుచున్నదో లేదో మీట నొక్కి చూడవలెను.

పాతబండియైనచో మూలలను, కిటికీల క్రిందను బొటనవ్రేలితో నొక్కవలెను. మెత్తగా దిగినచో లోపలి కఱ్ఱ వాననీటికి గుళ్లినదని యర్థము. దానిని విడిచిపెట్టుటయే లాభము. టైరుపై నాలుగంకెల గుర్తుండును. 2321 అని యున్న 2021వ సంవత్సరపు 23వ వారమున చేసినదని తెలియవలెను. ఐదాఱేండ్లు దాటిన టైర్లను, చూచుటకు క్రొత్తగా నున్నను, మార్పించి వెలలో తగ్గించుకొనవలెను.

ఇంకను నిశ్చయము కుదురనివారు ఒక వారము బండిని బాడుగకు దీసికొని దగ్గఱి విడిదికి బోయి రావలెను. ఏది వలయునో, ఏది అక్కఱలేదో మూడు రాత్రులలో దెలియును.

సోదరీమణులారా, అప్పుడే యొక బండికి బయానా ఇచ్చినవారున్నను భయపడనక్కఱలేదు. ఈ సాయంకాలమే కారు తలుపు తెఱచి చీటీ చదువుడు. మనుష్యుల బరువు మొదట వ్రాయుడు, సామాను బరువు తరువాత వ్రాయుడు, బండి బరువు అన్నిటికంటె చివర వ్రాయుడు. ఆ వరుసను మార్చకున్న లెక్క తప్పదు. మీమీ కారుల యంకెలను, ఇంటివారి సంఖ్యను వ్రాసి పంపినచో చేతనైనంత సాయము చేయుదుము. వచ్చు నెల ఈ శీర్షికలో, శీతలపుపెట్టె లేని ప్రయాణములలో పదిదినములు నిలువయుండు పిండివంటలను గూర్చి ముచ్చటింతుము.